జారిన కత్తి

తామ్రదుర్గం యువరాజు అరిందముడి ఖడ్గం విరిగిపోయిన సంగతి ఆ ఉదయానికి లోకంలో అతనికొక్కడికే తెలుసు. విరిచిన వెదురుకు కూడా తెలుసుననుకోండి, కానీ అది ఎవరితోనూ చెప్పదు.

ఏడు తరాలుగా ఆ వంశంలో రాజైనవాడల్లా పట్టాభిషేకం నాడు కళ్ళకద్దుకున్న ఖడ్గం అది. ఎన్ని యుద్ధాలు చూసిందో, ఎందరి కిరీటాలు దొర్లించిందో! అంతటిదీ నిన్న సాయంత్రం కంటకవనం అంచున నాలుగో వెదురు కణుపుకు తగిలి ఖంగుమని రెండు ముక్కలైంది. అరిందముడు చేతిలో మిగిలిన పిడివంక చూసి కాసేపు నోరు వెళ్ళబెట్టాడు. అంతలోనే తాను నరికిన మూడు వెదుళ్ళూ మళ్ళీ మొలిచి, ముళ్ళతో అతని ఉత్తరీయం పట్టుకుని లాగాయి. ఉత్తరీయం వాటికే వదిలేసి కాలికి బుద్ధి చెప్పాడు.

కంటకవనం అంటే మాంత్రికుడు ఉలూకదత్తుడు మంత్రించి పెంచిన వెదురడవి. ఏనుగు కాలంత లావు బోదెలు, వేలెడేసి ముళ్ళు, ఒకదాన్నొకటి పెనవేసుకుని ఆకాశాన్నే కప్పేసిన మరకత దుర్గం. నడినెత్తిన సూర్యుడు వెలుగుతున్నా దాని కడుపులో ఆకుపచ్చని చీకటే. ఆకు ఆకునా మంచుబొట్లు ముత్యాల సరాల్లా వేలాడుతుంటాయి. చూడముచ్చటగా ఉందని చెయ్యి పెట్టినవాడి తోలు మాత్రం తిరిగి రాదు. అక్కడ నరికిన వెదురు, మనిషి వంద ఊపిరులు తీసేలోగా మళ్ళీ మొలుస్తుంది.

ఆ వనం నట్టనడుమ అరిందముడి చెల్లెలు తరళ బందీగా ఉంది. ముప్ఫై ఏళ్ళకొకసారి పూసే ఆ వెదురు ఈ రోజు మిట్టమధ్యాహ్నం పూయబోతోంది. వనం మధ్యనున్న తల్లివెదురు మీద మొదటి పువ్వు విచ్చిన క్షణాన తరళ కూడా ఒక వెదురైపోతుంది. అలా అయినవాళ్ళు అంతకుముందే ఆ అడవిలో ఉన్నారని, గాలి లేనప్పుడు కూడా కొన్ని వెదుళ్ళు నిట్టూరుస్తాయని చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు చెప్పుకుంటారు.

అందుకే సూర్యుడు కొండ మీదికి ఎక్కీ ఎక్కకముందే అరిందముడు కొలుములపాలెంలో అడుగుపెట్టాడు. ముఖానికీ ఒంటికీ మసి, నడుముకు గోచీ, భుజాన పాత తాడు. తేనె తీసేవాడి వేషం. ఉలూకదత్తుడికి అమ్ముడుపోయిన సరిహద్దు దళవాయి భల్లాటుడు, అతని నల్లతలపాగా సైనికులు యువరాజు కోసం ఊరూరా గాలిస్తున్నారు మరి. ఈ ఊళ్ళో ఓబులమ్మ చేసే అడవికత్తికి తప్ప ఆ వెదురు లొంగదని దారిలో ఒక ఉప్పు బేరగాడు చెప్పాడు.

ఊరంతా కొలుములే. తిత్తులు ఒక్కసారిగా ఊపిరి వదిలితే ఇంటింటా ఎర్రని వెలుగు ఉబికి వస్తోంది, సమ్మెటల చప్పుడుకు గోడల మట్టి రాలుతోంది. ఆ సందడి మధ్య ఒక వాకిట్లో డెబ్బై ఏళ్ళ ముసలమ్మ దాకలి ముందు కూర్చుని ఇనుప ముక్కను కొడుతోంది. ఎడమ కనుబొమ్మ ఎప్పుడో నిప్పురవ్వకు కాలిపోయి మళ్ళీ మొలవలేదు. అదే ఓబులమ్మ.

"అవ్వా, నాకో అడవికత్తి కావాలి. తొందరగా పోవాలి," అన్నాడు అరిందముడు.

ఓబులమ్మ సుత్తి ఆపలేదు. "తేనెకు పోయేటోడికి తాడు కావాల గానీ కత్తి దేనికబ్బీ? యాడికి పోతావు?"

"కంటకవనంలోకి."

సుత్తి ఆగింది. ముసలమ్మ అతన్ని కిందినుంచి పైదాకా చూసి, లోపలికి వెళ్ళి మూడు కత్తులు తెచ్చి నేల మీద పరిచింది. చేతికి మాత్రం ఇవ్వలేదు.

మన యువరాజుకు పుట్టినప్పటినుంచీ మెరిసేదంటే ప్రాణం. మూడింటిలో పొడుగ్గా, అద్దంలా ముఖం కనబడే కత్తి మీదికి చెయ్యి పోయింది. చూపుడువేలి మీద నిలబెట్టి తూకం చూశాడు. గోటితో మీటి, ఆ నాదం చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. ఓబులమ్మ కాలిపోయిన కనుబొమ్మ ఉన్నచోట చర్మం పైకి లేచింది. ఆమె దడి పక్కన పాతిన పచ్చివెదుళ్ళు చూపించింది.

ఒక్క వేటుకు మూడు వెదుళ్ళు జారి పడ్డాయి. అరిందముడు గర్వంగా తిరిగి చూశాడు.

"అవి పిల్లకాయలు గూడా నరుకుతారు. ఇదో, దీన్ని కొట్టు," అంటూ ఆమె పందిరి గుంజ చూపించింది. పదేళ్ళుగా ఎండకు ఎండి రాయిలా బిగుసుకుపోయిన ముదురు వెదురది. "నడాన గాదు. కణుపు మింద."

అరిందముడు బలం కొద్దీ కొట్టాడు. కణుపు మీద చిన్న గీత పడింది. కత్తి అంచున మాత్రం బియ్యపుగింజంత పెచ్చులు నాలుగు ఊడిపోయాయి. నిన్నటి ఖంగుమన్న చప్పుడు మళ్ళీ అతని చెవుల్లో మోగింది.

"అంచు నుంచి వెన్నుదాకా అంతా ఒకే గట్టి. కొంచెం గూడా వంగదు, అందుకే పెచ్చులు లేస్తాది," అంది ఓబులమ్మ. "గోడకు తగిలించుకుంటే బాగుంటాది. కోటల్లో ఉండేటోళ్ళు మోజుపడతారని ఏడాదికొకటి చేస్తా."

కోటలో ఉండేవాడు గబుక్కున రెండో కత్తి అందుకున్నాడు.

అది తాటికాయంత తలతో మహా బరువుగా ఉంది. కణుపును పిప్పి చేసింది, సందేహం లేదు. కానీ ఇరవై వేట్లకే అరిందముడి మణికట్టు మొద్దుబారింది, అరచెయ్యి చెమటతో తడిసింది. ఇరవై ఒకటో వేటుకు నున్నని పిడి వేళ్ళలోంచి జారిపోయింది. అయితేనేం, కన్ను మూసి తెరిచేలోగా అతని చెయ్యి కిందికి దూసుకుపోయి, కత్తి మోకాలి దగ్గర ఉండగానే పిడిని ఒడిసి పట్టుకుంది. గురువుగారు చూసి ఉంటే శెభాష్ అనేవారు.

ఓబులమ్మ శెభాష్ అనలేదు. ఆమె ముఖం పాలిపోయింది. చుట్టూ చూసి, అతన్ని కొలిమి చాటుకు లాక్కుపోయింది.

"ఎవురు నువ్వు? అబద్ధం చెప్పావంటే ఈ సుత్తితోనే కొడతా."

"తేనె తీసే..."

"అడవిలో తిరిగేటోడు జారిన కత్తిని పట్టుకోడు. కాలు ఎనక్కి తీస్తాడు, కత్తిని నేలకు వదిలేస్తాడు. మా దగ్గర నడక నేర్చిన పిల్లకు మొదట నేర్పేది అదే. పట్టుకోబోయి చేతి ఏళ్ళు పోగొట్టుకున్నోళ్ళను ఎంతమందిని చూసినానో! గాల్లో పిడి పట్టేది కత్తిసాము నేర్చినోళ్ళే. తూకం చూసిన తీరుకే నాకు అనుమానమొచ్చింది."

 అరిందముడు ఉన్నది ఉన్నట్టు చెప్పేశాడు. చివర తరళ సంగతీ, ఉలూకదత్తుడి సంగతీ చెప్పాడు. "దాన్ని ఖడ్గవిద్యలో నాతో సమానంగా పెంచారవ్వా. నిద్రలో ఎత్తుకుపోయాడు గనక సరిపోయింది గానీ, మెలకువలో ఉంటే వాడి తరం అయ్యేది కాదు. మధ్యాహ్నం దాటితే నాకు చెల్లెలు లేదు."

ఓబులమ్మ సుత్తి కింద పెట్టింది. "ఉలూకదత్తుడంట! వాడి అసలు పేరు దిబ్బడు. ఈ ఊళ్ళోనే పుట్టినాడు. నా కండ్ల ముందర ఎదిగినాడు. మా నాయన ఇదే వాకిట్లో వాడికి మొదటి కత్తి ఇచ్చి అడవికి పంపినాడు. ఆ ఎదురడవి మధ్యన ఏం మంత్రం దొరికిందో, మడిసి మళ్ళీ మడిసిలాగ రాలేదు." ఆమె మూడో కత్తిని కాలితో ముందుకు తోసింది. "ఇదిగో. కానీ కత్తికూడు పెట్టందే ఇది నా గడప దాటదు."

కత్తికూడు కొలుములపాలెం ఆచారం. అడవికత్తి కోరి వచ్చినవాడు ఆ ఒక్క కత్తితోనే కట్టె కొట్టి, నిప్పు పుట్టించి, దుంప తవ్వి, కాల్చి, మొదటి ముద్ద కమ్మరికి పెట్టాలి. పెట్టలేకపోతే కత్తిదైనా తప్పు, మనిషిదైనా తప్పు. ఎవరిదైనా సరే, వాడు అడవికి పోకూడదు.

"అవ్వా, పొద్దెక్కుతోంది! నేను అక్కడ వంటలు చేసుకోవడానికి పోవడం లేదు!" అరిందముడు పళ్ళు కొరికాడు.

"దారి తప్పి, ఆకలికి కండ్లు తిరిగి, వానకు వణుకుతా పడిపోతే నీ చెల్లెలికి నువ్వెందుకు? నరికితే చాలదబ్బీ. నిన్ను బతికించేది గావాల."

మూడో కత్తి చూడటానికి ఏమీ బాగుండదు. కొలిమి నలుపు ఇంకా పోలేదు. మోచేతి నుంచి వేలికొసల దాకా పొడుగు, ఆపైన నాలుగు వేళ్ళు. ముందుభాగం కాస్త వెడల్పై కిందికి వంగి ఉంది, పిడి చివర చిలకముక్కులా వంకీ తిరిగింది, దాని మీద ఏదో నారతాడు చుట్టి ఉంది. అరిందముడు అయిష్టంగానే దాన్నెత్తి పందిరి గుంజ కణుపు మీద కొట్టాడు.

కత్తి సగందాకా దిగింది. అతను పెద్దగా బలం పెట్టలేదు కూడా. ముందు బరువు దానంతటదే చేతిని లాక్కుపోయింది. లాగి అంచు చూశాడు. ఒక్క పెచ్చు లేదు.

"అంచు మటుకే గట్టి, ఎన్ను మెత్తన. దెబ్బ తగిలితే ఎన్ను ఓర్చుకుంటాది," అంది ఓబులమ్మ. "పిడి దగ్గర జానెడు మాత్రం ఎన్నుకు గూడా గట్టిదనం పెట్టినా, రాయి మింద కొడితే రవ్వలు రావాలని. నార తడిసేకొద్దీ బిగుస్తాది. చెమటకు గాదుగదా, నెత్తురుకు గూడా జారదు."

ఆ తర్వాత అరిందముడు ఆగలేదు. ఎండు కట్టె మీద కత్తి ఆనించి, వెన్ను మీద దుడ్డుకర్రతో కొట్టి నిలువునా చీల్చాడు. పిడి దగ్గరి అంచుతో వెదురును గీకి దూది లాంటి పొట్టు తీశాడు. చెకుముకి రాయి మీద వెన్నును ఐదుసార్లు కొడితే పొట్టు అంటుకుంది. పెరట్లోకి పరుగెత్తి, వెడల్పాటి మొనతో గట్టినేలను పెళ్ళగించి పిడికెడంత అడవిదుంప లాగాడు. గబగబా చెక్కు తీశాడు. నీడ గుంజ మొదటికి దగ్గరవుతోంది.

దుంప నిప్పుల్లో పడిందో లేదో, వీధిలో గుర్రపు డెక్కలు వినిపించాయి.

పదిమంది నల్లతలపాగాలతో దళవాయి భల్లాటుడు వాకిట్లోకి వచ్చాడు. చెంపలదాకా మీసాలు, చెవులకు పులిగోళ్ళు. యువరాజును అతను దూరం నుంచి, అదీ కిరీటంతో తప్ప చూసి ఎరుగడు. అయినా మసి పూసిన ఆ భుజాల మీద చూపు ఆగిపోయింది.

"ఏయ్ ముసలీ, ఎవడు వీడు?"

"తేనె తీసేటోడు సామీ. కత్తికూడు వండుతాండాడు."

"తేనె తీసేవాడికి ఇంతటి భుజాలా?"

"కొండకు తాడేసి యేలాడేటోడికి భుజాలు గాక బొజ్జ వస్తాదా సామీ?" అంది ఓబులమ్మ. సైనికుల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. బొజ్జ తడుముకున్న భల్లాటుడు ఆ నవ్విన వాడివైపు ఉరిమి చూశాడు.

గుర్రం దిగి వచ్చి నల్లకత్తిని నేలమీంచి తీశాడు. నెమ్మదిగా అటూ ఇటూ తిప్పాడు. అరిందముడు నిప్పు ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు. "లేవరా," అన్నాడు భల్లాటుడు. అతను లేచాడు. దళవాయి నవ్వుతూ, అతని ముఖంలోకే చూస్తూ, అతని ఛాతీ ఎత్తున పట్టుకున్న కత్తిని ఒక్కసారిగా వదిలేశాడు.

పదేళ్ళ సాధన అరిందముడి భుజంలో గుర్రంలా ఎగిరింది. వేళ్ళు తెరుచుకున్నాయి. పట్టుకుంటే అక్కడికక్కడే తల పోతుంది. తల పోతే పోయింది, తరళ వెదురైపోతుంది. ఎడమచేత్తో కుడి తొడను గోళ్ళు దిగేలా పట్టుకుని, కాలు వెనక్కి లాగేశాడు. కత్తి అతని బొటనవేలున్న చోట నేలలో దిగి ఊగింది.

"అయ్యబాబోయ్!" అని అరిచాడు. ఆ అరుపులో నటన పాలు తక్కువే.

భల్లాటుడు పెదవి విరిచాడు. "అడవి మొహమే," అని వెనక్కి తిరగబోతూ, అద్దంలా మెరుస్తున్న పొడుగు కత్తి చూసి ఆగిపోయాడు. అందులో మీసాలు చూసుకున్నాడు. అంచున ఊడిన పెచ్చులు మాత్రం చూడలేదు. "ఇది నాకు కావాలి."

"మీబోటోళ్ళ కోసరమే చేసినా సామీ," అంది ఓబులమ్మ చేతులు జోడించి.

వాళ్ళు వీధి మలుపు తిరిగారు. అరిందముడు నిప్పుల్లోంచి దుంప తీసి, ఊది, మొదటి ముక్క ఓబులమ్మ నోటికి అందించాడు. ఆమె నమిలింది.

"లోపల పచ్చిగానే ఉండాది," అంది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవి వేడి ముక్క వల్ల వచ్చినవి కావు. "అయినా సరే. కత్తి నీదయ్యా. పో, బంగారు తండ్రీ. దిబ్బడు కనబడితే ఓబులక్క గుర్తుందా అని అడుగు."

అరిందముడు మిగిలిన దుంప గోచీలో దోపుకుని పరుగు అందుకున్నాడు. అయితే ఒక పొరపాటు చేశాడు. ఊరివాళ్ళెవరూ తొక్కని దారిన, సూటిగా కంటకవనం వైపు పరుగెత్తాడు. కొండ మలుపులోంచి భల్లాటుడు అది చూశాడు. తేనె తీసేవాడు తేనెపట్టులున్న కొండకు పోకుండా మాంత్రికుడి వనానికి ఎందుకు పోతాడు? దళవాయి కాస్త ఆలస్యంగానైనా లెక్క సరిగ్గానే వేశాడు. "వాడే! పట్టుకోండి!"

గుర్రాలు కదిలాయి.

అరిందముడు వనం అంచుకు చేరి మొదటి వెదురు మీద కత్తి దించాడు. ఏటవాలుగా, కణుపు కింద, రెండు వేట్లకు ఒకటి. పడిన వెదురు మీదినుంచి దూకడం, ముందున్నదాన్ని కొట్టడం. నిన్న మూడింటితో ఆగిపోయినవాడు ఇవాళ పది దాటాడు, ఇరవై దాటాడు. వెనక వెదుళ్ళు బుసలు కొడుతూ మొలుస్తూనే ఉన్నాయి. అవి మూసుకునేలోగా భల్లాటుడు, నలుగురు సైనికులు ఆ సందులోకి చొరబడ్డారు.

"ఆగరా, యువరాజా!" అని గర్జిస్తూ భల్లాటుడు అద్దంలాంటి కత్తి ఝళిపించాడు. అడ్డొచ్చిన లేత మొలకలు టపటపా తెగిపడ్డాయి. రెండు బారల దూరంలోకి వచ్చేశాడు. సరిగ్గా అప్పుడు ఒక ముదురు వెదురు అతనికి అడ్డంగా పైకి లేచింది. కణుపు మీద బలం కొద్దీ కొట్టాడు. ఖంగుమంది. అరిందముడికి బాగా తెలిసిన చప్పుడే. తిరిగి చూస్తే దళవాయి చేతిలో పిడీ, దానికి బెత్తెడు మెరుపూ మిగిలాయి. వెదుళ్ళు అతనికీ తనకూ మధ్య తలుపుల్లా మూసుకున్నాయి. అవతల కేకలు వినిపించాయి గానీ, క్రమంగా దూరమయ్యాయి.

సంతోషించడానికి తీరిక లేదు. ఎదురుగా ఒక వెదురు విల్లులా వంగి, కొస మరో పొదలో ఇరుక్కుని ఉంది. తొందరలో దాన్ని వంపు మీద కొట్టేశాడు. తెగిన బోదె చెళ్ళున లేచి, తల వంచకపోతే తలనే పట్టుకుపోయేది. చెవిని కాస్త చీల్చి పోయింది. ఆ తర్వాత వంగినదాన్ని కొట్టేముందు పక్కకు నిలబడటం నేర్చుకున్నాడు. నాలుక పిడచకట్టినప్పుడు పచ్చి కణుపుకు గాటు పెట్టి లోపలి నీళ్ళు తాగాడు. కళ్ళు తిరిగినప్పుడు ఆ సగం కాలిన దుంప నమిలాడు. నమిలినప్పుడల్లా ముసలమ్మ మాట తలుచుకుని, సిగ్గుపడి, మళ్ళీ కొట్టాడు. అరచేతులు పగిలి పిడి నెత్తుటితో తడిసింది. నార మరింత బిగిసింది.

అలా అరకోసు దూరం నరుక్కుంటూ పోయాక వెదుళ్ళు ఒక్కసారిగా తొలగిపోయాయి.

గుండ్రని మైదానం. పచ్చల పళ్ళెంలా మెరిసే గడ్డి. నడుమ ఆకాశాన్నంటే తల్లివెదురు, దాని బోదెకు బంగారు చారలు, చేతికందేంత ఎత్తు దాకా నల్లని కణుపులు. చిటారున ఒకే ఒక మొగ్గ, అప్పటికే కొస ఎర్రబారింది. సూర్యుడు నడినెత్తికి ఇంకా జానెడు దూరంలో ఉన్నాడు.

తల్లివెదురు కింద తరళ నిలబడి ఉంది. ఆమె పక్కనే ఇంకో తరళ నిలబడి ఉంది.

"అన్నా!" అన్నాయి రెండు గొంతులూ ఒక్కసారే.

అదే నీలిచీర, అదే చుబుకం మీద పుట్టుమచ్చ, ఏడ్చి ఏడ్చి వాచిన అవే కళ్ళు. 

"అది ఉలూకదత్తుడి మాయ అన్నా! నన్ను తీసుకుని పారిపో!" అంది ఎడమవైపు తరళ.

"అన్నా, దాని మాట నమ్మకు. వాడే చెప్పాడు, నువ్వు ఎవరి చెయ్యి పట్టుకుంటే వాళ్ళతోనే నీకు వనం దారి ఇస్తుంది. తప్పు చెయ్యి పట్టుకుంటే ఇద్దరం వెదుళ్ళమే!" అంది కుడివైపు తరళ.

"చిన్నప్పుడు నీ కాలి గజ్జె ఎక్కడ పోయింది?" అని అడిగాడు అరిందముడు.

"ఏనుగులశాల గడ్డివాములో," అన్నాయి రెండు గొంతులూ. "నువ్వే దాచి, నేను ఏడ్చాక ఇచ్చావు."

నిద్రలో ఉన్న పిల్ల జ్ఞాపకాలన్నీ వాడు తోడేసుకున్నాడన్నమాట. ఇక వెయ్యి అడిగినా ఇద్దరూ చెబుతారు. పైన మొగ్గ చిన్నగా చిట్లిన చప్పుడైంది. ఇద్దరు తరళలూ ఏడుస్తూ చేతులు చాచారు.

అరిందముడు నల్లకత్తి ఎత్తి ఇద్దరి మధ్యకు నడిచాడు. "సరే, ముందు ఈ వెదురునే నరికేస్తాను," అంటూ తలపైకి ఎత్తాడు. ఓబులమ్మ చుట్టిన నార చెమటకు జారదు, నెత్తురుకు జారదు. అయినా ఆ కత్తి అతని చేతిలోంచి జారింది.

ఇద్దరి మధ్య, మొన కిందికి, సూటిగా పడింది.

ఎడమవైపు తరళ చటుక్కున పాదం వెనక్కి లాక్కుంది. నడక నేర్చిన నాడు నేర్పిన పని, మర్చిపోయే పని కాదది. కుడివైపు తరళ చెయ్యి కిందికి దూసుకుపోయింది. మొన నేలకు జానెడు ఎత్తులో ఉండగానే పిడి ఆమె పిడికిట్లో ఉంది. ఎందుకు పట్టుకుందో ఆమెకే తెలియదు, పట్టుకున్నాక కత్తివంక ఆశ్చర్యంగా చూసుకుంది.

అరిందముడికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. "దిబ్బా!" అని అరిచాడు ఎడమవైపు తిరిగి. "ఓబులక్క గుర్తుందా?"

ఆ పేరు వినగానే ఎడమవైపు తరళ ముఖం మైనంలా కరిగింది. నీలిచీర పొగై చెదిరింది. గుడ్లగూబ కళ్ళు, జడలు కట్టిన గడ్డం బయటపడ్డాయి. ఏళ్ళ తరబడి ఎవరూ పిలవని పేరుకు మాంత్రికుడు ఒక్క క్షణం నిజంగానే బెదిరిపోయాడు. ఆ తర్వాత వికటాట్టహాసం చేసి, మడమతో నేలను తన్నాడు. మట్టిలోంచి వెదురు వేళ్ళు పాముల్లా లేచి అరిందముడి కాళ్ళను మోకాళ్ళదాకా చుట్టేశాయి. ఎముకలు పటపటలాడాయి.

"కత్తి ఆ పిల్ల చేతిలో ఉంది, నువ్వు నా చేతిలో ఉన్నావు. ఇప్పుడు ఏం చేస్తావు యువరాజా?" అన్నాడు ఉలూకదత్తుడు.

"అన్నా!" తరళ కత్తి ఎత్తింది. ఒక అడుగు అన్నవైపు వేసింది, ఒక అడుగు మాంత్రికుడి వైపు. పైన మొగ్గ మొదటి రేకు వెనక్కి మడిచింది. ఆమె కాలివేళ్ళు అప్పుడే ఆకుపచ్చగా మారుతున్నాయి.

"నన్ను వదిలెయ్! వాణ్ణీ వదిలెయ్! పువ్వు విచ్చేలోగా ఆ తల్లివెదురును కొట్టు!"

తరళ తల్లివెదురు మీదికి దూకి, తనకు నేర్పిన ఖడ్గపు పట్టుతో, సరిగ్గా నల్లని కణుపు మీద గురిపెట్టింది.

"ఖడ్గంలా కాదు తల్లీ!" వెదురు వేళ్ళు తొడలదాకా పాకుతుంటే అరిందముడు గొంతు చించుకున్నాడు. "కణుపు కింద! ఏటవాలుగా! బరువును దాని దారిన పడనియ్!"

రెండో రేకు విచ్చుకుంది. ఉలూకదత్తుడి నవ్వు ఆగిపోయింది. తరళ పిడిని మార్చి పట్టుకుని, కత్తిని వెనక్కి ఎత్తి, ఒక్క వేటు వేసింది. పువ్వు విచ్చకుండానే తల్లివెదురు ఒరిగింది, అరిందముడి కాళ్ళను చుట్టిన వేళ్ళు పట్టు వదిలాయి.